ఎల్లలు దాటు విద్యుచ్ఛక్తి



మంజీరానది మహారాష్ట్రమున బీడు జిల్లాలోని బాలాఘాటు కొండలలో పుట్టి, కర్ణాటకమున బీదరు సీమను తడిపి, తెలంగాణమున ప్రవేశించి, కందకుర్తికడ గోదావరిలో కలియుచున్నది. దానికి ఏ రాజ్యపు టెల్లయు అడ్డము కాలేదు. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు కట్టుబడివలన ఆ నీరు మన చందూరు, వర్ని, బోధను ప్రాంతముల పొలములకు వచ్చినది. ఎక్కడనో ఎగువసీమలో కురిసిన వాన మన మళ్లలో వరియైనది, మన చేలలో చెఱకైనది. పరసీమ వానతో మన గాదె నిండుట మనకు క్రొత్త గాదు. నేడు మన బావులకడ మోటారును త్రిప్పు విద్యుచ్ఛక్తియు అట్లే ఎల్లలు దాటి వచ్చుచున్నది. అది ఎచటనుండి వచ్చుచున్నది, ఏ నమ్మకముపై నిలిచి వచ్చుచున్నది, దానిని పొందు మన విధి యెట్టిది అను మూడు సంగతులను ఈ ప్రసంగమున విన్నవించెదను.

ముందుగా మన యింటి లెక్క చూచుకొందము. నిజాంసాగరు ఆనకట్టకడనున్న జలవిద్యుత్కేంద్రము శక్తి 10 మెగావాట్లు. పోచంపాడునందలి శ్రీరాంసాగరు కేంద్రము శక్తి 36 మెగావాట్లు. రెండును కలిసి 46. మెగావాటనగా నెంత అని మీరడుగవచ్చును. ఐదు అశ్వశక్తుల మోటార్లు సుమారు 250 ఒక్కమాఱు నడచుటకు ఒక మెగావాటు కావలెను. ఆ లెక్కన మన రెండు కేంద్రములును కలిసి నడుపగలిగినవి పదునొకండు వేల పైచిలుకు మోటార్లు. అదియు జలాశయములలో నీరుండి, యంత్రములన్నియు తిరుగుచున్నపుడు మాత్రమే. బోరుబావులు, బియ్యపు మిల్లులు, ఇండ్ల దీపములు, గోదావరి నీటిని ఎత్తి నిజాంసాగరు ఆయకట్టు చివరి భూముల కందించు అలీసాగరు ఎత్తిపోతలు, వీనికన్నిటికి ఇది చాలదని వేఱుగ చెప్పనక్కఱలేదు. 1937లో నెలకొన్న బోధను చక్కెర కర్మాగారము చెఱకును మనకడ కొని చక్కెర చేసెడిది. చెఱకు పిప్పిని మండించి తన ఆవిరిని తానే పుట్టించుకొనుట చక్కెర కర్మాగారముల పద్ధతి. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతవడినది. కావున మన కొఱతను తీర్చుకొనుటకు వెలుపలికి చేయి చాపక తప్పదు.

ఆ చాచిన చేయి కన్నులకు కనబడు చోటు మనకు దగ్గఱలోనే కలదు. మహారాష్ట్రమందలి వార్ధానుండి మన డిచ్‌పల్లి మీదుగా హైదరాబాదు చెంతనున్న మహేశ్వరమువఱకు 765 కిలోవోల్టుల విద్యున్మార్గము పోవుచున్నది. మన వీథిలోని ట్రాన్స్‌ఫార్మరునకు వచ్చు తీగలో 11 కిలోవోల్టులే యుండును. దీనిలో నున్నది దానికి డెబ్బది రెట్లకు సమీపము. ఒత్తిడి యెంత హెచ్చిన, అంత తక్కువ నష్టముతో శక్తి దూరదేశములకు పోవును. తెలంగాణ రాష్ట్రమేర్పడిన 2014వ సంవత్సరముననే, నవంబరు 3వ తేదీని, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వముతో అవగాహనపత్రము వ్రాయబడినది. 2015 సెప్టెంబరులో 1,000 మెగావాట్ల కొనుగోలుకు ఒప్పందము జరిగినది. అచటి బొగ్గు మండిన శక్తి మహారాష్ట్రమును దాటి డిచ్‌పల్లి తలుపు తట్టి మనకు చేరెను. ఇంతియ కాదు. కర్ణాటకమందలి కైగా, తమిళనాడునందలి కల్పాక్కము అణువిద్యుత్కేంద్రముల ఉత్పత్తిలోను మన రాష్ట్రమునకు భాగము కలదు. మన యింటి దీపములో ఏ కిరణము బొగ్గుది, ఏ కిరణము నీటిది, ఏ కిరణము అణువుది అని ఎవ్వరును వేఱు చేసి చూపలేరు. అన్నియు ఒకే కాలువలో కలిసి పాఱుచున్నవి.

ఈ కాలువకు మన పంటకాలువకు పోలికయు కలదు, భేదమును కలదు. పోలిక యేమనగా, తలతూముకడనున్న రైతు తన వంతుకు మించి మడి నింపుకొనిన, చివరి ఆయకట్టువాని నారు ఎండును. భేద మేమనగా, నీటిని చెఱువులో నిలుపవచ్చును గాని, విద్యుత్తును ధాన్యమువలె గాదెలో పోసి పెద్దమొత్తమున దాచుట నేటికిని కష్టమే. బ్యాటరీలు, ఎత్తిపోసి దాచిన నీరు కొంతవఱకు అక్కఱకు వచ్చును. మిగిలినదంతయు పుట్టిన నిమేషముననే వాడుకొనబడవలెను. పుట్టుక, వాడుక సరిసమానముగా నున్నంతకాలము ఆ ప్రవాహము సెకనునకు 50 ఆవృత్తుల చొప్పున నడచును. వాడుక హెచ్చిన ఆ లయ మందగించును. మిక్కిలి మందగించినచో యంత్రములు తమ్ము తాము కాపాడుకొనుటకై ఒక్కొక్కటియే విడిపోవును.

ఇట్టి విపత్తు 2012లో జరిగినది. జులై 30న ఉత్తరభారతపు విద్యున్మండలము కుప్పకూలెను. మఱునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య మండలములు మూడును కూలినవి. ఇంచుమించు 60 కోట్ల జనులున్న సీమలలో విద్యుత్తు నిలిచిపోయెను. రైళ్లు దారిలో నాగినవి. బొగ్గు గనులలో కూలీలు చిక్కుకొనిరి. కొన్ని రాష్ట్రములు తమ వంతుకు మించి తీసికొనుట, మండలములను కలుపు మార్గముపై మోయరాని భారము పడుట అందులకు ముఖ్యకారణములు. దక్షిణ మండలము నాడు ఆ లయలో చేరక వేఱుగ నుండుటచే మనము తప్పించుకొంటిమి. తరువాత 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు మార్గముద్వారా మన మండలమును దేశపు మండలముతో ఏకమైనది. నాటినుండి కాశ్మీరమునుండి కన్యాకుమారివఱకు ఒకే లయ. మనకు కొఱతవచ్చిన ఉత్తరదేశము ఆదుకొనును. ఉత్తరదేశమున దోషము జరిగిన మనకును దాని దెబ్బ తగులవచ్చును. కూడియుండుటలోని మేలును, కీడును రెండును మనవే.

ఇక అణుశక్తి సంగతి. మన కణాదమహర్షి పదార్థమును విభజించుచు పోగా తుదకు విభజింపరాని పరమాణువు మిగులునని చెప్పెను. నేటి శాస్త్రజ్ఞులు ఆ పరమాణువును గూడ భేదించిరి. యురేనియమను లోహపు పరమాణుగర్భమును న్యూట్రానను సూక్ష్మకణము తాకినచో అది రెండుగా చీలి, వేడిని, మఱి రెండు మూడు న్యూట్రానులను వెలువరించును. ఆ న్యూట్రానులు మఱికొన్ని గర్భములను చీల్చును. ఈ పరంపరను అదుపులో నుంచి, ఆ వేడితో నీటిని ఆవిరిచేసి, ఆవిరితో చక్రమును త్రిప్పుటయే అణువిద్యుత్కేంద్రపు పని. చక్రము త్రిప్పుట బొగ్గు కేంద్రములో నున్నట్టిదే. పొయ్యి మాత్రము వేఱు.

ఈ పొయ్యికి వలయు కట్టెలు మన హైదరాబాదులోనే తయారగుచున్నవి. 1971లో స్థాపింపబడిన అణుఇంధన సముదాయములో యురేనియమును శుద్ధిచేసి, చిన్న బిళ్లలుగా కాల్చి, జిర్కోనియమను లోహపు గొట్టములలో నింపి, ఆ గొట్టములను కట్టగా బిగింతురు. 220 మెగావాట్ల రియాక్టరులో పెట్టు కట్టకు పందొమ్మిది గొట్టములు. కట్ట పొడవు మూరకు కొంచెము మించును. అట్టి యొక్క కట్టనుండి, కొన్ని వందల టన్నుల బొగ్గు మండినగాని రానంత విద్యుత్తు వచ్చును. రియాక్టరునకు వలయు మఱియొక పదార్థము భారజలము. సాధారణ జలములోని హైడ్రోజను పరమాణువులలో సుమారు 6,500లో ఒకటి మాత్రమే భారమైనది. దానిని ఏఱి కూర్చినది భారజలము. గోదావరి తీరమున మణుగూరుకడ 1991లో నెలకొన్న కర్మాగారము నదీజలమునుండి దానిని తీయుచున్నది. కందకుర్తికడ మన మంజీర ఏ గోదావరిలో కలియుచున్నదో, ఆ గోదావరియే మణుగూరు మీదుగా పోవుచున్నది. మన దేశపు భారజలము దక్షిణ కొరియా, అమెరికా మొదలగు దేశములకును ఎగుమతియైనది.

ఇంతటి నేర్పు మనకొక్కరికే తోచినదియు కాదు, ఇతరులు దానముగ నిచ్చినదియు కాదు. 1955 ఆగస్టులో జెనీవానగరమున అణుశక్తి శాంతియుత వినియోగమును గూర్చి ప్రపంచదేశముల మహాసభ జరిగినపుడు దానికి అధ్యక్షత వహించినవాడు మన హోమీ భాభా. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో వెలిగిన మన తొలి రియాక్టరు అప్సరకు ఇంధనము బ్రిటను ఇచ్చెను. 1960లో కెనడా సహాయముతో రెండవ పెద్ద రియాక్టరు వచ్చెను. 1969లో అమెరికావారి సహాయముతో తారాపూరు కేంద్రము విద్యుత్తును పుట్టించెను. రాజస్థానమున రావత్‌భాటాకడ కెనడావారు కూడివచ్చిరి. సాంఖ్యులు చెప్పు అంధపంగున్యాయమువలె, కన్నులు లేనివాని భుజముపై కాళ్లు లేనివాడెక్కి యిరువురును అడవి దాటుచుండిరి.

అంతలో 1974 మే 18న పోఖ్రానుకడ మనదేశము అణుపరీక్ష జరిపెను. కెనడా సహకారమును మానుకొనెను. రావత్‌భాటా రెండవ యంత్రపు పని నడుమ నిలిచెను. అమెరికా తన చట్టమును మార్చి తారాపూరు ఇంధనమును ఆపివేయగా, 1982లో కుదిరిన ఏర్పాటువలన ఫ్రాన్సు ఆ భారమును వహించెను. తోడు వచ్చినవాడు నడిదారిలో దిగిపోయిన, మిగిలినవాడేమి చేయవలెను? మన యింజనీర్లు కూర్చుండి విలపింపలేదు. రావత్‌భాటా రెండవ యంత్రమును తామే పూర్తిచేసి 1981లో నడపిరి. ఆ వెనుక కల్పాక్కము, నరోరా, కాక్రపారు, కైగా వరుసగా లేచినవి. వానికి కట్టలు హైదరాబాదునుండి పోయినవి. ఆ కాలమున హైదరాబాదు కర్మాగారము లేకున్నచో, ఆ పొయ్యిలన్నియు కట్టెలేని పొయ్యిలై యుండెడివి.

స్వశక్తి యున్నవానికడకు స్నేహము తిరిగి వచ్చును. 2008 సెప్టెంబరు 6న అణుసామగ్రి సరఫరా చేయు దేశముల కూటమి మనకు మినహాయింపు నిచ్చెను. అక్టోబరులో అమెరికాతో ఒప్పందముపై చేవ్రాళ్లు పడెను. కజకస్థాను, రష్యా దేశములనుండి యురేనియము రాసాగెను. 1974లో తొలగిపోయిన కెనడాయే 2015లో యురేనియమును అమ్ముటకు ఐదేండ్ల ఒప్పందము చేసికొనెను. రష్యా సంగతి వేఱు. 1988లో కుదిరిన ఒడంబడిక సోవియట్టు రాజ్యము అంతరించినను నశింపక, కూడంకుళమున వేయేసి మెగావాట్ల యంత్రములుగా ఫలించెను. మొదటిది 2013లోను, రెండవది 2016లోను మండలమునకు శక్తి నందించెను.

ఈ ఇచ్చిపుచ్చుకొనుటలకు నియమములును కలవు. విదేశపు యురేనియము వాడు మన కేంద్రములు వియన్నానగరమందలి అంతర్జాతీయ అణుశక్తిసంస్థ తనిఖీకి లోబడి యుండవలెను. వచ్చినదెంత, వాడినదెంత, మిగిలినదెంత అని వారు లెక్క చూతురు. కాలువ తూముకడ లష్కరు నిలిచి కొలత చూచుట రైతునకు అవమానము కానట్లే, ఈ లెక్క మన దేశమునకు అవమానము కాదు. కొలత లేని చోట నమ్మకము నిలువదు. మఱియొక దృష్టాంతము చిత్తగింపుడు. భారతదేశమును పాకిస్థానును ఒండొరుల అణుకేంద్రములపై దాడి చేయరాదని 1988 డిసెంబరు 31న ఒప్పుకొన్నవి. దాని ననుసరించి 1992 మొదలు ప్రతి జనవరి 1న తమ కేంద్రముల పట్టికలను పరస్పర మందించుకొనసాగినవి. వైరమున్నను, ఆ పట్టిక పోవుట మానలేదు. అణుకేంద్రము చెదరిన విషధూళి ఎల్ల చూచుకొని ఆగదని 1986లో చెర్నోబిలు లోకమునకు నేర్పెను గదా!

ఇరుగుపొరుగు దేశములతో విద్యుత్తును పంచుకొనుటయు పెరుగుచున్నది. భూటానున మన ధనముతో, మన యింజనీర్లచే నిర్మింపబడిన చూఖా జలవిద్యుత్కేంద్రము 336 మెగావాట్లది. దానిని అమ్మి ఆ చిన్నరాజ్యము ఆదాయమును పొందినది; మనము వెలుగును పొందితిమి. 2013 అక్టోబరునుండి మన విద్యుత్తు బంగ్లాదేశమునకు పోసాగెను. 2024 నవంబరులో నేపాళము 40 మెగావాట్లను మన తీగలమీదుగా బంగ్లాదేశమునకు పంపెను. అనగా ఒకరి పొలము నీరు ఇంకొకరి గట్టు మీదుగా మూడవవాని మడికి పోయినది. బంగ్లాదేశమున రష్యావారు కట్టు రూప్పూరు అణుకేంద్రమునకు తోడ్పడుటకై 2018లో ఆ యిరువురితో మనమును చేరి మువ్వురము అవగాహనపత్రము వ్రాసికొంటిమి. ఒకప్పుడు నేర్చుకొన్నవారము నేడు నేర్పువారమైతిమి.

విజ్ఞానవిషయమున ఇంకను పెద్ద పూనిక ఫ్రాన్సునందలి కడరాషులో జరుగుచున్నది. సూర్యునిలో హైడ్రోజను పరమాణువులు కలిసిపోయి వేడినిచ్చు తెఱగున భూమిపై చేయవలెనని ఏడు పక్షములు, అమెరికా, రష్యా, చైనా, జపాను, కొరియా, ఐరోపా సమాఖ్య, భారతదేశము, 2006లో ఒడంబడిక చేసికొన్నవి. ఆ యంత్రమును చుట్టియుండు మహాపాత్రను మన గుజరాతునందలి హజీరాలో చేసి పంపిరి. ఈ శక్తి ఇరువదియేండ్లలో చేజిక్కునని 1955లో భాభా ఆశించెను. డెబ్బది యేండ్లు గడచినను అది ఇంకను చేజిక్కలేదు. ఏ యొక్క దేశమునకును సాధ్యము కాని పని గనుకనే వైరులును ఒక కప్పు క్రింద కూర్చుండిరి.

అయితే మేలు ఒకరికి, భారము ఒకరికి అగునపుడు ఆ సహకారము ధర్మము కాజాలదు. యురేనియము కొఱకై నల్లమల అడవిని త్రవ్వరాదని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో ఏకగ్రీవముగా తీర్మానించెను. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడయందు అమెరికావారి రియాక్టర్లను ఆఱింటిని నెలకొల్పవలెనని సంకల్పించినపుడు, సముద్రమే జీవనమైన జాలరులు తమ యూరిని విడువవలసి వచ్చునని వగచిరి. నిజాంసాగరు నిండినపుడు ఎగువన మునిగిన ఊళ్లును కలవని మఱవరాదు. నీరు త్రాగువాడు ఆ యూళ్లను తలపవలెను. వెలుగు పొందువాడు ఈ జాలరిని తలపవలెను. వారికి న్యాయమైన పరిహారము, సత్యమైన సమాచారము ఈయకుండ దేశముల పెద్దలు చేవ్రాళ్లు చేసికొనిన చాలదు.

ఒప్పందములును వ్రాసినంతమాత్రమున నిలువవు. ఛత్తీస్‌గఢ్ కొనుగోలునే చూడుడు. ఒప్పుకొన్న శక్తి నిండుగా రాలేదని ఈవలివారును, పైకము నిండుగా ముట్టలేదని ఆవలివారును అనుకొను స్థితి వచ్చినది. 2024లో మన ప్రభుత్వము ఆ కొనుగోలును విచారించుటకు సంఘమును నియమించెను. తీర్పు ఎట్లున్నను పాఠము ఒకటియే. కొలత తప్పినచో తీగ యున్నను స్నేహము తెగును.

ఇక మన విధి. 2018 జనవరి 1న తెలంగాణమున వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు మొదలైనది. ఉచితమనగా మనము వెల చెల్లింపకుండుటయే గాని, వెల లేకుండుట కాదు. గనిలో కూలి, అడవిలో గిరిజనుడు, సముద్రతీరమున జాలరి, పరదేశపు వర్తకుడు, మన ప్రభుత్వపు బొక్కసము దాని వెలను చెల్లించుచున్నారు. పూర్వము రాత్రివేళ ఎప్పుడు వచ్చునో తెలియని విద్యుత్తు కొఱకై మోటార్లకు ఆటోస్టార్టర్లు బిగించుకొంటిమి. తప్పు కాదు, నాడు అది అవసరము. ఎల్లవేళల విద్యుత్తు వచ్చుచున్నపుడు అది అనర్థము. పోయిన విద్యుత్తు తిరిగి రాగానే ఊరిలోని మోటార్లన్నియు ఒక్క క్షణమున లేచిన, ట్రాన్స్‌ఫార్మరు మాడును, మడి నిండినను ఆపువాడు లేక నీరు కాలువ పాలగును, భూగర్భజలము అడుగంటును. అందుచేతనే వానిని తీసివేయుడని అధికారులు కోరిరి. మోటారునకు కెపాసిటరు బిగించుట, అవసరమైనపుడే మీట నొక్కుట, పొరుగువాని వంతు గడచువఱకు ఓపికపట్టుట, ఇవి చిన్న పనులు. కాని ఢిల్లీలో, వియన్నాలో, మాస్కోలో పెద్దలు వ్రాసికొను పత్రములలోని నీతియు ఇంతకు మించినది కాదు.

పెద్దలారా! పరసీమనుండి వచ్చునది నీరైనను, నిప్పైనను, విద్యయైనను దానికి మూడు కట్టుబాట్లు. వంతునకు మించి తీసికొనరాదు. లెక్క దాచరాదు. మనకును ఒకరికి ఈయదగిన శక్తి ఒకటి యుండునట్లు చూచుకొనవలెను. హైదరాబాదున కట్టలు కట్టు పనివాడు ఆ మూడవదానిని కాపాడుచున్నాడు. మొదటి రెండును కాపాడవలసినవారు తూముకడనున్న మనమే. చివరి ఆయకట్టు రైతు నారు ఎండకుండ కాలువను నడుపు ఊరు, దేశమునకు విద్యుత్తును పంచుకొను పద్ధతి నేర్పగలదు. మీ మీ గ్రామముల యువకులకు ఈ మాట చెప్పుడని వేడుచు విరమించుచున్నాను.